బొబ్బిలి అందరికీ తెలుసు, చందుర్తి ఎవరికి తెలుసు?

గ్రూప్స్‌కి చదివేవాళ్ళని పక్కన పెడితే, చందుర్తి యుద్ధం అనే మాట విన్నవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. చదివేవాళ్ళకైనా అదొక బిట్టు, ఏ సంవత్సరం, ఎవరికీ ఎవరికీ మధ్య, ఒక్క మార్కు, అయిపోయింది. బొబ్బిలి యుద్ధం అలా కాదు. తారీఖు తెలియనివాడికి కూడా తాండ్ర పాపారాయుడు తెలుసు, బుస్సీ పేరు తెలుసు, విజయరామరాజు గుండెల మీద కూర్చుని పొడిచాడన్న సంగతి తెలుసు. ఇప్పటికీ ఎవడైనా మొండిగా ఎదురు తిరిగితే బొబ్బిలి పులి అంటాం.

తమాషా ఏంటంటే, ఈ రెండు యుద్ధాల మధ్య రెండేళ్ళ తేడా కూడా లేదు. బొబ్బిలి 1757 జనవరిలో, చందుర్తి 1758 డిసెంబర్‌లో. రెండూ ఒకే గొడవలోంచి పుట్టాయి, ఒకదాంట్లో ఉన్న ఇంటివాళ్ళే రెండోదాంట్లోనూ ఉన్నారు. బొబ్బిలి కోట పడిపోయినందువల్ల మన చరిత్ర దారేమీ మారలేదు. చందుర్తి పొలాల్లో పొద్దున్న మొదలై ఆ పూటే ముగిసిన యుద్ధం వల్ల మాత్రం గంజాం నుంచి కింద కృష్ణ దాకా ఉన్న తెలుగు తీరమంతా ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి జారి, మెల్లగా ఇంగ్లీషు కంపెనీ చేతిలోకి పోయింది. మరి పాట దేనికి కట్టారు? మొదటిదానికి. చాలాకాలం నాకిది అన్యాయం అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు, ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు బొబ్బిలి సంగతి. 1753లో నిజాం గద్దె మీదున్న సలాబత్ జంగ్, తన గద్దెని కాపాడుతున్న ఫ్రెంచి సైన్యానికి జీతాల కింద ఉత్తర సర్కార్లు రాసిచ్చాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్, అంటే మన కొండపల్లి వైపు. సైన్యానికి జీతం ఇవ్వలేక దేశాన్నే ఇచ్చేశాడన్నమాట. అది పుచ్చుకున్న మనిషి ఫ్రెంచి సేనాని బుస్సీ. ఊళ్ళయితే కాగితం మీద వచ్చాయిగానీ శిస్తు రాబట్టేదెవరు? జమీందార్లు మాట వినరు, అడవులూ కొండలూ అడ్డం, ఫ్రెంచివాళ్ళ దగ్గర ఉన్నదేమో పిడికెడు మంది. అందుకని విజయనగరం పెద్ద విజయరామరాజుతో బేరం కుదుర్చుకుని శ్రీకాకుళం, రాజమండ్రి సర్కార్లు ఆయనకి ఇజారాకి, అంటే శిస్తు వసూలు గుత్తకి ఇచ్చారు. దాంతో ఆయన చుట్టుపక్కల జమీందార్లందరికీ పెద్దన్న అయ్యాడు. పెద్దన్న మాట విననివాడు ఒకడే, పక్కనున్న బొబ్బిలి రంగారాయుడు.

పగ ఎక్కడ మొదలైందంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. కోడిపందేల దగ్గర అని జనం అంటారు, కథలోనూ అదే పాడతారు. ఆ రోజుల్లో మద్రాసులో కంపెనీ కౌన్సిల్లో ఉండి తర్వాత ఈ యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ మాత్రం నీళ్ళ తగాదా అంటాడు. బొబ్బిలివాళ్ళు వాగుల నీళ్ళు తమవైపు మళ్ళించుకుంటున్నారని విజయనగరం వాళ్ళ గోల. నాకైతే ఇదే నమ్మబుద్ధేస్తుంది, ఆ వైపు పొలం ఉన్నవాళ్ళెవరికైనా నీళ్ళ దగ్గర మాటలు ఎంతదూరం పోతాయో తెలుసు. పైగా విజయనగరం పూసపాటివారు రాజులు, బొబ్బిలివారు వెలమలు, ఇద్దరి పూర్వీకులూ వందేళ్ళ క్రితం ఒకే నవాబు వెంట ఆ ప్రాంతానికి వచ్చినవాళ్ళే. ఇద్దరూ ఒకే మెట్టు మీంచి బయల్దేరారు కాబట్టి నువ్వు నాకంటే ఎక్కువేంటి అన్న మాట ఎప్పుడూ ఇద్దరి మధ్యా ఉంది.

1756 చివర్లో బుస్సీ హైదరాబాదులో తన గొడవలు సర్దుకుని బకాయిల వసూలుకి సర్కార్లలోకి దిగాడు. విజయరామరాజు ఎదురెళ్ళాడు, సాయం చేస్తానన్నాడు, దాంతోపాటు బొబ్బిలి మీద చెప్పాల్సినవన్నీ చెప్పాడు. సరిగ్గా అప్పుడే అడవి దారిలో పోతున్న ఫ్రెంచి సిపాయిల దళం మీద ఎవరో దాడి చేసి ముప్పై మందిని చంపారు. చేసింది బొబ్బిలివాళ్ళేనని బుస్సీ నమ్మాడు, నిజంగా ఎవరు చేశారన్నది వేరే సంగతి. బొబ్బిలి వదిలేసి వెళ్ళు, వేరేచోట ఇంతకంటే మంచి భూములిస్తాం అని కబురు పెట్టారు. రంగారాయుడు కుదరదన్నాడు.

1757 జనవరి 24 తెల్లవారుజామున ఫిరంగులు మొదలయ్యాయి. అది మట్టికోట, ఫ్రెంచివాళ్ళ ఫిరంగుల ముందు ఎంతసేపు నిలుస్తుంది? పొద్దున్న తొమ్మిదికల్లా గోడల్లో దారులు పడ్డాయి. దారి పడింది కదా అని లోపలికి పోవడం మాత్రం కుదరలేదు. ఓర్మ్ లెక్క ప్రకారం లోపల పోరాడేవాళ్ళు ఓ రెండు వందల యాభై మంది. బయట వేలమంది. అయినా మధ్యాహ్నం దాకా బురుజుల మీద ఒక్కొక్క అడుగుకీ చంపుతూ చస్తూ నిలబడ్డారు. పట్టుబడితే వదిలేస్తామన్నా ఎవరూ ఒప్పుకోలేదు. ఇక కోట నిలవదని తేలిపోయాక, శత్రువు చేతికి చిక్కకూడదని ఇళ్ళకి నిప్పు పెట్టి, బయటికొచ్చిన ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమ చేతులతోనే పొడిచి చంపి, మళ్ళీ వెళ్ళి పోరాడి చచ్చిపోయారు. రంగారాయుడు తుపాకీ గుండు తగిలి పడిపోయాడు. అంతా అయ్యాక ఒక ముసలాయన రంగారాయుడి చిన్న కొడుకుని తీసుకుని బయటికొచ్చి ఫ్రెంచి అధికారి లా అనే ఆయనకి అప్పజెప్పాడు. అలా మిగిలిన పిల్లాడే చిన రంగారావు, ఇతన్ని గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్ళీ వస్తాడు.

ఈ ఇళ్ళు తగలబెట్టిన ఘట్టం దగ్గర నాకెప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. కథ చెప్పేవాళ్ళు దీన్ని మానంగా, పౌరుషంగా పాడతారు. రంగారాయుడి భార్య మల్లమ్మదేవి త్యాగం అంటారు, వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, నేనూ తుడుచుకున్నాను. కానీ ఆ లోపల ఎంతమంది ఆడవాళ్ళు మాకు బతకాలనుంది అని ఉంటారో, ఆ మాట ఏ కథకుడి నోట్లోంచీ రాదు. వాళ్ళని ఎవరూ అడిగినట్టు లేదు. కోటలో చివరిదాకా నిలబడ్డ మగవాళ్ళ ధైర్యాన్ని నేను కాదనను, ఆ మధ్యాహ్నాన్ని మాత్రం పండగలా పాడుకోలేను.

ఇక మూడో రాత్రి. కోట పడిన రోజు బొబ్బిలి వీరుడు పాపారాయుడు రాజాంలో ఉన్నాడని, వార్త ఆలస్యంగా అందిందని, వచ్చేసరికి అంతా బూడిదేనని కథ. రాత్రి విజయరామరాజు డేరాలోకి దూరి నిద్రలో ఉన్న మనిషిని లేపి మరీ పొడిచాడంటారు. ఓర్మ్ పేర్లు చెప్పడు గానీ, నలుగురు శపథం పట్టారని, డేరాలోకి దూరి చంపారని, రాజు ఒంటి మీద 30కి పైగా పోట్లున్నాయని రాశాడు. చంపినవాళ్ళని కాపలావాళ్ళు అక్కడే నరికేశారు. కథకీ చరిత్రకీ పెద్ద తేడా లేని చోటు ఇదొక్కటే. బొబ్బిలి కోట పట్టుకుని మూడు రోజులు తిరక్కుండా పట్టించినవాడూ పోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఈ యుద్ధం తేల్చిందేమిటి? బుస్సీకి ఆ కోటతో పనిలేదు. ఆయన అక్కణ్ణుంచి గంజాం దాకా పోయి శిస్తు వసూలు చేసుకుని, తిరిగొస్తూ 1757 జూన్‌లో విశాఖపట్నంలోని ఇంగ్లీషువాళ్ళ కోట కూడా లాక్కున్నాడు. అదే జూన్‌లో అటు బెంగాల్లో ప్లాసీ యుద్ధం జరిగింది. అంటే ఇంగ్లీషు కంపెనీ సేనాని క్లైవ్ అక్కడ గెలుస్తుంటే ఇక్కడ ఫ్రెంచివాళ్ళు మహా దర్జాగా ఉన్నారు. సర్కార్లలో ఇంగ్లీషువాళ్ళకి నిలవడానికి చోటే లేదు. 1757 చివర్లో ఎవరైనా పందెం కాయమంటే నేనైతే ఫ్రెంచివాళ్ళ మీదే కాసేవాణ్ణి.

అది తిరగబడింది ఇద్దరి వల్ల. ఒకడు ఫ్రెంచివాళ్ళ పెద్ద సేనాని లాలీ. కొత్తగా ఫ్రాన్సు నుంచి దిగి, మద్రాసు మీదికి పోవాలి రమ్మని బుస్సీని 1758లో వెనక్కి పిలిపించేశాడు. సర్కార్ల సంగతి అణువణువూ తెలిసిన మనిషిని తీసేసి కాన్‌ఫ్లాన్స్ అనే ఆయన్ని పెట్టారు. రెండోవాడు మనవాడే, చచ్చిపోయిన విజయరామరాజు తర్వాత విజయనగరం గద్దెక్కిన ఆనంద గజపతిరాజు. ఫ్రెంచివాళ్ళు పెట్టిన ఏర్పాట్లు నచ్చక మండిపడి ఉన్నాడు. బుస్సీ అటు వెళ్ళగానే విశాఖపట్నం ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని, వచ్చి తీసుకోండి, నాకు సాయం చేయండి అని ఇంగ్లీషువాళ్ళకి కబురు పెట్టాడు. మద్రాసువాళ్ళు లాలీ భయంతో కదల్లేదు. బెంగాల్లో కౌన్సిల్లో చాలామంది వద్దన్నా క్లైవ్ మాత్రం ఒప్పుకుని, కల్నల్ ఫోర్డ్ అనే ఆయనకి 500 మంది తెల్లవాళ్ళని, 2000 మంది సిపాయిల్ని ఇచ్చి ఓడలెక్కించాడు.

డబ్బు గొడవ అప్పుడే మొదలైంది. సైన్యం ఖర్చు నెలకి 50 వేలు, అధికారులకి 6 వేలు ఇస్తానని రాజావారు ఒప్పుకున్నారు, ఇవ్వడానికి మాత్రం చెయ్యి రాలేదు. అవేవో సర్దుకుని అందరూ కలిసి దక్షిణానికి నడిచి, పిఠాపురం ఇంకా చేరకముందే గొల్లప్రోలు, చేబ్రోలు, చందుర్తి ఉన్న ఆ చదును నేల మీద కాన్‌ఫ్లాన్స్‌కి ఎదురుపడ్డారు. ఆయన దగ్గరా తెల్లవాళ్ళు 500 మందే, సిపాయిలు మాత్రం 6000, ఫిరంగులు చాలా ఎక్కువ.

ఇక్కడ జరిగిన సంగతి నాకు భలే ఇష్టం. ఫోర్డ్ తన తెల్ల దళాన్ని మధ్యలో నిలబెట్టాడు, సరిగ్గా వాళ్ళ ముందు మనిషెత్తు పెరిగిన చేను ఉంది. ఎదుటివాళ్ళకి వాళ్ళు కనపడలేదు. కనపడిందల్లా ఎడమ పక్కన ఎర్రకోట్లు వేసుకున్న సిపాయిలు. ఎర్రకోటు అంటే తెల్లవాడే అని ఫ్రెంచివాళ్ళ లెక్క, తమ సిపాయిలకి అలాంటివి లేవు కదా మరి. అసలు బలం అక్కడే ఉందనుకుని ఫ్రెంచి తెల్ల దళం మొత్తం ఎర్రకోట్ల మీదికి పోయింది. సిపాయిలు ఆ దెబ్బకి ఆగలేక చేబ్రోలు వైపు పరుగు తీశారు. ఫ్రెంచివాళ్ళు గెలిచేశామనుకుని వరస తప్పి తరుముతున్నారు, అప్పుడు చేలోంచి పక్కకి తిరిగి బయటపడింది ఫోర్డ్ దాచిన అసలు దళం. దగ్గర్నుంచి కాల్పులు. అంతే, తరుముతున్నవాళ్ళు తిరిగి తమ ఫిరంగుల దగ్గరికి పారిపోవడం, ఫిరంగులు కూడా పోవడం, డేరాలు పోవడం అన్నీ వరసగా జరిగిపోయాయి. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి, దారిలో గుర్రాలు మార్చుకుంటూ అర్ధరాత్రి లోపలే రాజమండ్రి చేరిపోయాడు. ఆయన ఆ రోజు చూపించిన చురుకు అదొక్కటే.

మరి మన రాజావారి సైన్యం ఎక్కడుంది? వేలమంది వచ్చారు కదా. నీళ్ళు లేని ఎండు చెరువొకటి ఉంటే ఆ గుంటలో కూర్చున్నారట యుద్ధం అయిపోయేదాకా. పారిపోయేవాళ్ళని తరమడానికి గుర్రపు దళం కావాలి రమ్మన్నా పైకి రాలేదు. ఇది ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న మాట, మిత్రుణ్ణి తక్కువచేసి రాయడం వాళ్ళకి కొత్తేమీ కాదు, కాబట్టి కొంచెం తగ్గించి చదువుకోవచ్చు. అయినా ఆ సైనికుల్ని నేను తప్పుపట్టను. అక్కడ కొట్టుకుంటున్నవి రెండు వర్తక కంపెనీలు. ఎవడు గెలిస్తే వీళ్ళకేంటి? ఓడినా గెలిచినా శిస్తు కట్టేది వాళ్ళ అన్నదమ్ములే. చెరువులో కూర్చోవడమే తెలివైన పని.

తర్వాతదంతా గబగబా జరిగింది. రాజమండ్రి పోయింది. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ ఒక రాత్రి బురదలోంచి మనుషుల్ని నడిపించి బందరు కోట పట్టేశాడు, దగ్గర్లోనే సలాబత్ జంగ్ సైన్యం కాచుకుని ఉన్నా సరే. ఆ సలాబత్ జంగే మే నెలలో కాగితం రాసిచ్చాడు, బందరు చుట్టుపక్కల నేల ఇంగ్లీషు కంపెనీకి, ఫ్రెంచివాళ్ళని ఇక నా రాజ్యంలో ఉండనివ్వను అని. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం నుంచి సర్కార్లకి ఫర్మానా, 1766లో నిజాం అలీతో ఒప్పందం. ఇంకేముంది, మన తీరం 1947 దాకా వాళ్ళదే. బుస్సీ అన్నేళ్ళు కట్టింది మొత్తం ఒక్క చేను అడ్డం రావడం వల్ల కూలిపోయిందని అనేస్తే పెద్దలు కోప్పడతారు, లాలీ మూర్ఖత్వం, సముద్రం మీద ఇంగ్లీషువాళ్ళ పట్టు, బెంగాల్ డబ్బు ఇవన్నీ ఉన్నాయి. ఉన్నా సరే, ఆ పొద్దున్న ఫ్రెంచివాళ్ళు గెలిచి ఉంటే క్లైవ్ ఇంకో సైన్యాన్ని పంపేవాడని నేను అనుకోను.

ఇంత పెద్ద సంగతి. ఒక్క పాట లేదు.

బొబ్బిలికేమో దిట్టకవి నారాయణకవి ఏకంగా రంగరాయ చరిత్రమనే పద్యకావ్యం రాశాడు, ఆ శతాబ్దంలోనే. జంగాలు తంబురా పట్టుకుని ఊరూరా తిరిగి పాడారు. బుర్రకథకి అదొక ప్రాణం లాంటి కథ, నాజర్ గొంతులో విన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాటకాలొచ్చాయి. 1964లో సినిమా వస్తే ఎన్టీఆర్ రంగారాయుడు, ఎస్వీ రంగారావు పాపారాయుడు, ఇక అప్పట్నుంచీ చాలామందికి పాపారాయుడంటే ఎస్వీఆర్ మొహమే. యుద్ధం జరిగిన చోట 19వ శతాబ్దం చివర్లో బొబ్బిలి రాజావారు స్తంభం నిలబెట్టారు, చూడాలంటే ఇప్పుడూ పోయి చూడొచ్చు.

పాట ఎందుకు పుట్టిందీ అంటే, బొబ్బిలిలో పోయినవాళ్ళకి పేర్లున్నాయి. ఫలానావాడి అన్న, ఫలానావాడి మేనల్లుడు, ఫలానా ఇంటి కోడలు. ఏడ్చేవాళ్ళు మిగిలారు, ఆ ఏడ్చేవాళ్ళ ఇంటి ముందు పాడేవాడు నిలబడ్డాడు, పాడినవాడికి నాలుగు గింజలు పెట్టారు. చందుర్తిలో చచ్చిన సిపాయిలు ఏ ఊరివాళ్ళు? అటూ ఇటూ కలిపి 8000 మంది సిపాయిలు నిలబడ్డ నేల అది, తెల్లవాళ్ళు వెయ్యి మందే. తెల్ల అధికారుల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి, ఆ రోజు ప్రాణం వదిలిన ఇంగ్లీషు కెప్టెన్ అడ్నెట్ పేరు దొరుకుతుంది. ఎర్రకోటు తొడుక్కున్న పాపానికి అసలు దెబ్బంతా తమ మీద పడ్డ ఆ ఎడమవైపు సిపాయిల్లో ఒక్కడి పేరు నేను ఎక్కడా చూడలేదు. జీతానికి పోయారు, చచ్చారు, వాళ్ళ ఇళ్ళకి కబురు ఎప్పుడు అందిందో కూడా తెలియదు. పాట కట్టాలంటే ఇంటి పేరు కావాలి కదా.

గెలిచినవాళ్ళు బొబ్బిలిని ఎలా గుర్తుపెట్టుకున్నారో కూడా చూడాలి, అదింకా విచిత్రం. విజయనగరంలో ఏటా విజయదశమి తర్వాత మంగళవారం సిరిమాను జరుగుతుంది. యాభై అరవై అడుగుల చింతమానుని తొలిచి బండికి కట్టి, దాని కొస మీద ఆసనం బిగించి, దాంట్లో పూజారి కూర్చుంటే, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల. లక్షల మంది జనం. మాను ఎక్కడుందో అమ్మవారే పూజారి కలలో కనిపించి చెబుతుందంటారు. ముందురోజు తొలేళ్ళు, ఆ రాత్రి రైతులు గుడి దగ్గర విత్తనాలు తీసుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటారు.

ఆ అమ్మవారు ఎవరు? పైడితల్లి, అదే పైడిమాంబ. పెద్ద విజయరామరాజు చెల్లెలు. బొబ్బిలి మీదికి పోవద్దని అన్నకి చెప్పిందని, వినలేదని, తర్వాత అన్నకి ప్రాణగండం ఉందని తోచి, ఒళ్ళంతా మశూచి పోసినా లేచి పతివాడ అప్పలనాయుడు లాంటి వాళ్ళని వెంటబెట్టుకుని బయల్దేరిందని, దారిలోనే అన్న చావు వార్త తెలిసి అక్కడే పోయిందని స్థల పురాణం. పోయేముందు పెద్దచెరువులో తన విగ్రహం దొరుకుతుందని, గుడి కట్టమని చెప్పిందట. అంటే విజయనగరం తన గెలుపుకి పండగ పెట్టుకోలేదు. ఫిరంగులు తెచ్చి పక్కింటిని నేలమట్టం చేసిన రాజుని కాదు, వద్దురా అన్నయ్యా అన్న పిల్లని దేవతని చేసుకున్నారు. చరిత్రగా ఇందులో ఎంత నిలుస్తుందో వదిలేయండి. ఒక ఊరు తన రాజు గురించి ఏమనుకుందో చెప్పడానికి ఇంతకంటే తెలివైన దారి ఉంటుందా అనిపిస్తుంది నాకు. రాజుని ఒక్క మాట అనలేదు, కానీ రెండున్నర శతాబ్దాలకి పైగా ఆ చెల్లెలికే దండం పెడుతున్నారు, అదీ ఆయన కోట ముందుకి తీసుకొచ్చి మరీ.

ఇక కంపెనీని పిలిచి తెచ్చుకున్న విజయనగరానికి ఏం దక్కింది? ఆనంద గజపతి ఎక్కువకాలం బతకలేదు. తర్వాత గద్దెక్కిన చిన విజయరామరాజు మీద కంపెనీ పేష్కష్, అంటే కప్పం, పెంచుకుంటూ పోయింది, బకాయిలన్నారు, చివరికి గద్దె దిగి నెలకి 1200 రూపాయల పింఛను తీసుకుని బందరు వెళ్ళి కూర్చోమన్నారు. ఆయన బందరు పోలేదు, భీమిలి దారిలో ఉన్న పద్మనాభం కొండ కింద డేరాలు వేశాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ తెల్లవారుతుండగా వచ్చి పడ్డాడు. ముప్పావుగంట యుద్ధం. రాజూ పోయాడు, ఆయన చుట్టూ ఉన్న బంధువులూ దొరలూ పోయారు, ఎవరూ పారిపోలేదని కంపెనీవాళ్ళే రాసుకున్నారు. పద్మనాభంలో ఆయన సమాధి ఉంది, జూలై 10న ఇప్పటికీ దండలు వేస్తారు. బొబ్బిలిలో ఒక ఇల్లు ఎలా పోయిందో, ముప్పై ఏడేళ్ళ తర్వాత పద్మనాభంలో రెండో ఇల్లు అలాగే పోయింది, ఈసారి ఫిరంగులు తాము పిలిచి తెచ్చుకున్నవాళ్ళవి.

ఆ పిల్లాణ్ణి గుర్తుపెట్టుకోమన్నాను కదా. పెరిగి పెద్దయ్యాడు, విజయనగరం వాళ్ళ ఖైదులో ఉన్నాడు, తప్పించుకుని నిజాం దగ్గరికి పారిపోయాడు. పద్మనాభం తర్వాత కంపెనీ విజయనగరం జమీని ముక్కలు చేసినప్పుడు, అదే 1794లో, చిన రంగారావుని పిలిచి తండ్రి బొబ్బిలి మళ్ళీ చేతిలో పెట్టింది. 1801లో అతని కొడుకుతో శాశ్వత శిస్తు ఒప్పందం రాసుకుంది. ఆ వంశంలోని రాజాగారే 1930లలో మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి అయ్యారు, ఆపైన 1937లో బొబ్బిలిలో వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. కంపెనీకి బొబ్బిలి మీద జాలేమీ లేదు, పెద్ద జమీ ఒకటి కంటే చిన్న జమీలు పది ఉంటే వసూలుకి తేలిక, అంతే లెక్క. కానీ చూడండి, ఆ పిల్లాడికి బొబ్బిలి తిరిగి రావడానికి దారి చందుర్తి పొలాల మీదుగానే పడింది. అక్కడ ఫోర్డ్ గెలవకపోతే 1794లో ఇవ్వడానికి కంపెనీ ఎక్కడిది?

అందుకే బొబ్బిలి పాటని తీసేసి చందుర్తిని పెట్టాలని నేను అనను, జనం ఎవరి కోసం ఏడ్చారో వాళ్ళకే పాట కట్టుకున్నారు, అది వాళ్ళిష్టం. చందుర్తిని కూడా బొబ్బిలి కథకి తరువాయిగా చెప్పుకుంటే బాగుంటుంది, ఎందుకంటే అది నిజంగా తరువాయే. బుర్రకథ రాయగలిగినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆలోచించండి. ఎర్రకోట్ల ఘట్టం కథకుడే పాడాలి, ఏ ఊరివాడివిరా నువ్వు అని ఆ సిపాయిని అడగాలి. కంపెనీ లెక్కలన్నీ రాజకీయం చెప్పే వంత చూసుకుంటాడు. ఎండు చెరువు సీను మాత్రం హాస్యం చెప్పే వంతకే ఇవ్వండి, ఆ గుంటలో కూర్చున్నవాళ్ళు నెల జీతం గురించీ, పైన కొట్టుకుంటున్న దొరల గురించీ ఏం మాట్లాడుకుని ఉంటారో వినాలని నాకు మహా సరదాగా ఉంది.